దేనికి ఫిట్?

మార్చి 9, ఆదివారం

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ అలాగే ఉన్నామని రాస్తే నువ్వు నమ్మేస్తావు. అందుకే రాయలేకపోతున్నాను.

మీ మరిదికి గురువారం ఫ్యాక్టరీలో అన్‌ఫిట్ అని రాసిచ్చారు. అప్పటినుంచి మంచం దిగడం లేదు.

నీకు మొదటినుంచీ చెప్పాలి. వానాకాలంలో ఒకరోజు గడ్డం గీసుకుంటూ ఉన్నట్టుండి కింద పడి కొట్టుకున్నారు. బయటి డాక్టరుకి చూపిస్తే ఫిట్స్ అన్నాడు. మందులు రాసి, ఎత్తు మీద పని చెయ్యకూడదన్నాడు. ఈయన చేసేదే క్రేన్ నడపడం! ఇనుప పైపుల కట్టలు మనుషుల తలల మీదుగా పోతుంటాయి. ఇంటికొచ్చి నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇది బయటికి పొక్కితే ఉద్యోగం పోతుంది, క్వార్టర్ పోతుంది, నీ నోటినుంచి మాత్రం రాకూడదు అన్నారు.

తర్వాత ఫ్యాక్టరీలో ఏటా చేసే పరీక్ష వచ్చింది. అక్కడి డాక్టరు ఒంట్లో బాగుందా అని అడిగాడట, బాగుందన్నారట. ఫిట్ అని ముద్ర కొట్టి పంపించాడు. ఫిట్‌కీ ఫిట్స్‌కీ ఏమంత తేడా లేదే అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఫిట్‌గా కుట్టమంటే బిగుతుగా అని అర్థం. ఈ చలికాలమంతా నా బతుకు అంత ఫిట్‌గా ఉంది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఎక్కడ కుట్టు ఊడుతుందో అన్నట్టు. ఫ్యాక్టరీ సైరన్ మోగితే మిషన్ మీద చెయ్యి ఆగిపోయేది. పక్కింటి పొడుగాయన కింద నిలబడి కొక్కేనికి పైపులు తగిలిస్తాడు. వాళ్ళావిడ నా పక్కన కూర్చుని, పైన మీ ఆయన ఉన్నారంటే నాకు బెంగ లేదు వదినా అనేది. ఆవిడ ముఖం చూడలేక, దారం తెగిందని వంగేదాన్ని.

పోయిన సోమవారం ఆయన అన్నం తినలేకపోయారు. నాలుక కొరుక్కున్నారు, వాచిపోయింది. కట్ట గాల్లో ఉండగా కాసేపు ఏమైందో తెలియలేదు అన్నారు. కిందనుంచి పొడుగాయన, కునుకు తీస్తున్నావా గురూ అని అరిచాడట. ఇక క్రేన్ ఎక్కొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. అయినా మర్నాడు మళ్ళీ ఎక్కారు.

గురువారం ఫ్యాక్టరీ డాక్టరు పిలిచి సూటిగా అడిగేసరికి ఒప్పుకున్నారు. ఎవరో చేరవేశారని ఆయన అనుమానం, అదీ పొడుగాయన మీదే. నిన్న ఒక్కసారి మాత్రం మంచం దిగి, వీధిలో అందరి ముందూ అతని కాలర్ పట్టుకుని, నా పొట్ట కొట్టావు కదరా అన్నారు. అతను బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు. ఆవిడ ఇప్పుడు మా వైపు కిటికీ తెరవడం లేదు.

అక్కా, నువ్వు నాకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు, ఫిట్ అని వదిలేస్తే ఎలాగే, దేనికి ఫిట్టో కూడా రాయి అనేదానివి. ఆ కాగితంలో క్రేన్ నడపడానికి అన్‌ఫిట్ అనే ఉంది. ఈయన మాత్రం చివరి మాట ఒక్కటే పట్టుకుని, నేను మనిషిగానే పనికిరాను అంటున్నారు. స్టోర్స్‌లో పని చూస్తామని కబురొచ్చినా లేవలేదు. వదినవి, నీ మాటంటే ఆయనకి గురి. ఒకసారి వచ్చి వెళ్ళవూ?

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క.: పైదంతా పొద్దున రాసింది. నీ దగ్గర కూడా ఒకటి దాచాను. డాక్టరుకి చెప్పింది పొడుగాయన కాదు, నేనే. కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని చెప్పి బుధవారం వెళ్ళాను. నా పేరు బయటపెట్టనని డాక్టరు మాటిచ్చాడు. అందుకే నేను బతికిపోయాను, ఏ పాపం ఎరగని అతను ఇరుక్కున్నాడు. ఇందాక ఆయనకి చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన లేచి, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళారు. పక్కింటి తలుపు కొడుతున్నారు. ఇంకా ఎవరూ తియ్యలేదు.