ఇంజిన్ ఆగేటప్పటికి సగంలో ఉన్న మాట

జూన్ 2, ఆదివారం

ఇవాళ మా విమానం ఇంజిన్ గాల్లో ఆగిపోయింది. ఇద్దరం బతికే ఉన్నాం. ముందు ఆ ముక్క రాసేశాను కాబట్టి మిగతాది నెమ్మదిగా రాస్తాను.

మా విమానమంటే పెద్దదేం కాదు. రెండు సీట్లు, ముందు ఒక పంకా. మా ఆయన మేనమామ పోతూ పోతూ ఆయన పేర రాసిచ్చారు. మా ఆయన పళ్ళ డాక్టరు. ఆదివారం వస్తే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చుట్టూ తిప్పుతారు.

నేను ఇంట్లో పెద్దగా మాట్లాడను. చదివింది అయిదో తరగతి. ఆయన ముందు నోరు విప్పితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయం. విమానంలో అలా కాదు. ఆ మోతలో నా మాట నాకే వినబడదు. పైగా చెవులు మూసుకోడానికి ఆయన ఇచ్చిన దొప్పలు. ఇక అడ్డేముంది. రెండేళ్ళుగా గాల్లో నోటికి వచ్చిందల్లా వాగుతున్నాను. వంటింటి కుళాయి కారుతోందని, మంచం కిర్రుమంటోందని, మీరు స్నానాలగదిలో పాడుతుంటే పక్కింటివాళ్ళు నన్ను జాలిగా చూస్తున్నారని.

వింత ఏమిటంటే, గాల్లో అన్నవన్నీ నేల మీద జరుగుతాయి. మంగళవారానికల్లా కుళాయి బాగయింది. మంచం కోడుకి మేకు పడింది. పాటలు ఆగిపోయాయి. ఎవరికీ చెప్పలేదుగానీ, ఆకాశంలో అడిగితే అయిపోతుందని నాకో నమ్మకం కుదిరింది.

అందుకే ఇవాళ ధైర్యం చేసి పెద్దది అడగబోయాను. "నాకు నిజంగా కావలసింది ఒక్కటేనండీ" అన్నాను. సరిగ్గా అప్పుడు ఢబ్‌మని చప్పుడై ఇంజిన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో "ఒక్కటేనండీ" అన్నది వంటింట్లో గిన్నె జారిపడ్డట్టు వినబడింది.

ఆయన చెమటలు కక్కుకుంటూ క్యాబేజీ తోటలో దించారు. దిగాక ఆయన అడిగిన మొదటి మాట: "ఏమిటా ఒక్కటి?"

"ఏం లేదండీ."

తోట ఆసామి కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా ముఖాలు చూసి మెత్తబడ్డాడు. చక్రాల కింద నలిగిన క్యాబేజీలన్నీ బస్తాల్లో నింపి మాకే అప్పజెప్పాడు. "మీరు కోసినవి మీరే తినండి" అన్నాడు.

నాకు కావలసింది ఇక్కడ రాస్తున్నాను. నాకు విమానం నడపడం నేర్పాలి. అంతే.

తీర్మానం: ఆకాశం ఇప్పట్లో దొరకదు. కాబట్టి కొత్త ఇంజిన్ బిగించేలోగా, నేల మీద, ఏ చప్పుడూ లేనప్పుడు, ఆయన ముఖం చూస్తూ అడిగేస్తాను.

జూన్ 3, సోమవారం

పొద్దున్నే అద్దం ముందు సాధన చేశాను. "నాకు విమానం నడపడం నేర్పండి." నాలుగు మాటలు. ఇందులో ఏముంది?

ఫలహారం: క్యాబేజీ. ఆయన కూర్చున్నారు. అత్తయ్య పూజగదిలో ఉన్నారు. ఇల్లంతా నిశ్శబ్దం.

"నాకు" అన్నాను.

"ఊఁ?"

"అదే... ఉప్పు సరిపోయిందా అని."

ఫరవాలేదు. నాలుగింట ఒకటి అయింది. రోజుకొకటి చొప్పున గురువారానికి పూర్తి.

తోటలోంచి విమానాన్ని షెడ్డుకి లాక్కెళ్ళిన మెకానిక్ తాత సాయంత్రం వచ్చాడు. "లోపల కడ్డీ విరిగి ఇంజిన్ పొట్టకి కన్నం చేసుకుని బయటికొచ్చింది బాబూ. ఇది బాగుచేసేది కాదు. మార్చాల్సిందే."

"మన పళ్ళకి పెట్టినట్టు కాస్త సిమెంటు పెట్టలేవురా?" అన్నారు అత్తయ్య, కొడుకుతో.

ఆయన ఆ మాట కాసేపు నిజంగానే ఆలోచించారు.

జూన్ 5, బుధవారం

నిశ్శబ్దం అనే షరతు మరీ కఠినంగా ఉంది. రెండేళ్ళు మోతలో మాట్లాడిన నోరు ఒక్కసారిగా నిశ్శబ్దంలో ఎలా పలుకుతుంది? మొదట కాస్త చప్పుడుతో మొదలుపెట్టి, తగ్గించుకుంటూ పోతే సరి. ఇంట్లో ఉన్న చప్పుళ్ళు: మిక్సీ, బట్టల మెషిను, కుక్కరు. కుక్కరుని నమ్మలేం. ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు.

మిక్సీలో కాఫీ గింజలు వేసి, ఆయన వైపు వీపు పెట్టి, నాలుగు మాటలూ అనేశాను. గొంతు బాగానే వచ్చింది. మిక్సీ ఆపి వెనక్కి తిరిగితే ఆయన లేరు. అత్తయ్య ఉన్నారు.

రాత్రి ఆయనతో ఆవిడ అంటుంటే విన్నాను: "ఆ క్యాబేజీల్లో పడ్డప్పటినుంచీ అమ్మాయి ఒక్కతే మాట్లాడుకుంటోందిరా. పాపం, గింజలతో."

జూన్ 9, ఆదివారం

ఆయన ఆ 'ఒక్కటి' వదలడం లేదు. గురువారం కుట్టుమిషను తెచ్చారు. "ఇదేనా?" అన్నారు. ఎంత ఆశగా అడిగారంటే కాదనలేకపోయాను. "బాగుందండీ" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అంటే ఇది కాదన్నమాట."

శుక్రవారం మడత నిచ్చెన. నిన్న చేపల తొట్టి.

"చేపలేవిరా?" అన్నారు అత్తయ్య.

"చేపలు తరవాతమ్మా. ముందు తొట్టి అవునో కాదో తేలాలి."

తేలలేదు. అత్తయ్య అందులో క్యాబేజీలు పెట్టారు. ఇన్ని వస్తువులు తెచ్చిన మనిషిని ఇంకొకటి అడగడం బాగుండదు. ఈ వారం వదిలేశాను.

జూన్ 12, బుధవారం

అసలు పొరపాటు ఎక్కడుందో కనిపెట్టాను. ఇంట్లో అత్తయ్య ఉంటారు. ఆయన ఆసుపత్రిలో అయితే మధ్యాహ్నం ఎవరూ ఉండరు. వెళ్ళాను. ఆయన సంతోషపడి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు.

"చెప్పు."

నోరు తెరిచాను. మాట రాలేదు. తెరిచిన నోరు మూయడానికి సిగ్గేసింది. చెంప మీద చెయ్యి పెట్టుకున్నాను.

"ఓ, పన్నా? ముందే చెప్పొచ్చుగా." దీపం వెలిగించారు. నిజంగానే ఒక పన్ను పుచ్చింది. రెండు వైపులా దూది కుక్కారు. డ్రిల్లింగు మొదలైంది.

విమానం దిగాక అంత మంచి మోత నేను వినలేదు. నాలుగు మాటలూ అనేశాను. "ఆ-ఆ ఇ-ఆ-అం ఆ-ఆ-అం ఏ-అం-ఈ." ఆయన "అలాగే అలాగే, అయిపోవచ్చింది" అన్నారు.

ఇది అడిగినట్టు లెక్క వెయ్యొచ్చా? వెయ్యకూడదు. కానీ రెండు గంటలపాటు ఏమీ నమలకూడదన్నారు కాబట్టి రాత్రి క్యాబేజీ తప్పింది.

జూన్ 17, సోమవారం

కొత్త ఇంజిన్ వచ్చింది. షెడ్డుకి కాదు, ఇంటికి. లారీవాడి దగ్గరున్న చిరునామా ఇదేనట. నలుగురు మోసుకొచ్చి చెక్కపెట్టెను హాల్లో దించి వెళ్ళిపోయారు. సోఫా కదపడానికి వీల్లేదు. తలుపు సగమే తెరుచుకుంటోంది.

అత్తయ్య దాని మీద దుప్పటి పరిచి పూలకుండీ పెట్టారు. "ఇన్నాళ్ళకి మన హాలుకో బల్ల వచ్చింది" అన్నారు. ఇంజిన్ని తీసుకెళ్ళడానికి మెకానిక్ తాత వస్తే ఆవిడకి కోపం వచ్చింది.

"నీకంత అవసరమైతే పాతది పెట్టుకో. ఇది నాకు కావాలి."

"పాతదానికి కన్నం ఉందమ్మగారూ."

"కన్నం నీకు కనబడుతుందిగానీ దుప్పటి వేస్తే ఎవరికి కనబడుతుంది?"

చివరికి ఒప్పందం కుదిరింది. తాత కన్నం పడ్డ పాత ఇంజిన్ని అదే పెట్టెలో వెనక్కి తెచ్చిస్తాడు.

నేనింకా అడగలేదు. ఇంజిన్ వచ్చిందేగాని బిగించలేదుగా. గడువుంది.

జూన్ 22, శనివారం

ఈ రోజు రాయడానికి చెయ్యి రావడం లేదు.

తాతకి భోజనం తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. ఇంజిన్ని గొలుసులతో వేలాడదీసి విమానం ముక్కుకి బిగించేశాడు. నేను వెళ్ళేసరికి మా ఆయన సీట్లో కూర్చుని, ఆయన చెవిదొప్పలు పెట్టుకుని, వైర్లు చూసుకుంటున్నాడు. నేను అలవాటుకొద్దీ నా సీట్లో కూర్చున్నాను. నా దొప్పలు పెట్టుకుని దాని పిన్ను గుచ్చుకున్నాను. తాత చెవులు మూసి ఉన్నాయి, ముఖం అటు ఉంది. సాధనకి ఇంతకంటే మంచి చోటు ఉండదు. మెల్లగా అన్నాను.

"నాకు విమానం నడపడం నేర్పండి."

తాత తల తిప్పకుండానే, "నన్నడిగితే ఏం లాభమమ్మా, మీ ఆయన్ని అడుగు" అన్నాడు.

"మీకెలా వినబడింది?"

"మైకులో అంటే చెవిలో పడదా?" నా మూతి ముందున్న చిన్న కడ్డీని వేలితో తట్టాడు. అది దొప్పలు జారకుండా ఉండడానికి పెట్టిందని అనుకున్నాను. తరవాత వంగి నా సీటు కిందినుంచి దుమ్ము కొట్టుకున్న ఇంకో పిన్ను లాగాడు. లావుది. "ఇది ఇలా వేలాడుతోందేం?"

"అది స్పేరు కాదా?"

తాత రెండు పిన్నులూ వేలితో చూపించాడు. "సన్నది చెప్పడానికి. లావుది వినడానికి. రెండూ గుచ్చాలి. నువ్వు సన్నదే గుచ్చావంటే, నువ్వన్నదంతా పక్కసీటుకి వినబడుతుంది. పక్కసీటు అన్నది నీకు వినబడదు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు గుచ్చుకున్నప్పటినుంచి."

జూన్ 23, ఆదివారం

కుళాయి. మంచం. పాటలు.

మీసం తీసేస్తే బాగుంటారన్నాను. తీసేశారు. ఆసుపత్రిలో శుభ్రత కోసం అని అత్తయ్యకి చెప్పారు. గుర్రు పెడితే పక్కకి తిప్పుతానని చెప్పాను. పొట్ట గురించి చెప్పాను. చలికాలంలో ఒకసారి, మేఘాల మీద ఎండ పడుతుంటే, ఆయనంటే నాకు ఎంత... అది ఇక్కడ కూడా రాయను.

అన్నీ విన్నారు. ఒక్కరోజు కూడా విన్నట్టు పైకి తేలనివ్వలేదు.

పాత తీర్మానం రద్దు. కొత్త తీర్మానం: ఇక జన్మలో నోరు విప్పను.

జూన్ 30, ఆదివారం

కొత్త ఇంజిన్‌తో మొదటిసారి ఎగరాలి. తాత చెప్పాడు: "కొత్త ఇంజిన్ని గారాబం చెయ్యకూడదు బాబూ. గంటసేపు గట్టిగా, ఈ మైదానం మీదే గుండ్రంగా తిప్పండి. ఆగినా ఇక్కడే పడొచ్చు. క్యాబేజీల బెడద ఉండదు."

తలనొప్పి అని చెబుదామనుకున్నాను. కానీ ఆయన ఒక్కరే ఎక్కుతుంటే ఆ వీపు చూడలేకపోయాను. ఎక్కాను. ఈసారి రెండు పిన్నులూ గుచ్చాను.

చెవిలో మొదట వినబడింది ఆయన ఊపిరి. తరవాత, "దేవుడా దేవుడా దేవుడా." నేల వదిలేదాకా అదే. రెండేళ్ళుగా ఆ పెదవులు కదలడం చూస్తున్నాను. లెక్కలేవో వేసుకుంటున్నారని అనుకునేదాన్ని.

పైకి వచ్చాక గొంతు సర్దుకున్నారు. "సరే, వచ్చేశాం. నీకు బాగుందా? ఎలాగూ చెప్పవులే. నాకు మామూలుగానే కాళ్ళు చల్లబడ్డాయి. దిగిపోదామా అని వారం వారం అడుగుతాను, నువ్వేమో కుళాయి గురించి చెప్తావు. కింద ఒక్క మాట మాట్లాడవు, ఇక్కడ నోరు మూయవు. ఆ నాలుగు మాటల కోసమే కదా నేను దీన్ని ఎక్కేది. లేకపోతే మామయ్య పోయిన మర్నాడే అమ్మేసేవాణ్ణి. ఇవాళేంటి, అసలు మాట్లాడడం లేదు?"

"ఏమండీ" అన్నాను. "నాకు వినబడుతోంది."

విమానం ఒక పక్కకి ఒరిగింది. మళ్ళీ సర్దుకుంది.

"ఎప్పటినుంచి?"

"ఇవాళ్టినుంచి."

"మరి ఇంతకుముందు నేను చెప్పినవి?"

"ఒక్కటీ వినలేదండీ. జవాబు రాకపోతే మీకు అనుమానం రాలేదా?"

ఆయన ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆలోచించారు. "రోజంతా నోట్లో దూది ఉన్నవాళ్ళతోనే కదా నేను మాట్లాడేది" అన్నారు. "జవాబు వస్తేనే నాకు అనుమానం."

ఆ తరవాత ఇద్దరికీ సిగ్గు ముంచుకొచ్చింది. మిగతా చుట్లన్నీ మాటలేకుండానే తిరిగాం. కొత్త ఇంజిన్ ఎంత బాగా మోగిందో. అంత మోతా వృథా.

దిగి ఇంజిన్ ఆపాక ఆయన నా వైపు తిరిగారు. "ఆ ఒక్కటి. ఇప్పుడైనా చెప్పు." నేల మీదే ఉన్నాం. ఏ చప్పుడూ లేదు. ముఖం ఎదురుగా ఉంది. ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే.

"ఇంక క్యాబేజీ వద్దండీ" అన్నాను.

"అదా!" అన్నారు. ఇంటికెళ్ళి తొట్టిలోవి, బస్తాలోవి అన్నీ తెచ్చి తాతకి ఇచ్చేశారు.

ఇంజిన్ బిగించడం అయింది. గడువూ అయింది. ఆ నాలుగు మాటలు కాలేదు.

జూలై 7, ఆదివారం

పొద్దున్న షెడ్డు దగ్గర ఆయన తాతతో మాట్లాడుతూ ఆగిపోయారు. నేను ముందు నడిచాను. నా తలుపు కుడివైపుది. కాళ్ళు ఎడమవైపుకి వెళ్ళాయి. ఎందుకు వెళ్ళాయో నాకు తెలియదు. ఆయన సీట్లో కూర్చుని, రెండు పిన్నులూ గుచ్చుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నేను ఎదురుగా గుండ్రటి అద్దంలో ఉన్న ముల్లునే చూస్తున్నాను. "అది నా సీటు" అంటే దిగిపోదును. అనలేదు. తోక వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, నా సీట్లో కూర్చున్నారు. దొప్పలు పెట్టుకున్నారు.

"అమ్మయ్య" అని నా చెవిలో వినబడింది. ఎన్నాళ్ళనుంచో సలుపుతున్న పన్ను ఊడినట్టు అన్నారు.

తలుపు వేసుకుని, "ఇదా ఆ ఒక్కటి?" అన్నారు.

తలూపాను.

"కుట్టుమిషను తెచ్చానే."

"బాగుందండీ."

"ఇవాళ నేల మీదే. ఆ చివరిదాకా వెళ్ళి రావడం. కాళ్ళతో తిప్పాలి, చేతులతో కాదు. పైకి తీసుకెళ్ళి నేర్పడానికి వేరే మాస్టారున్నాడు, ఆయనతో మాట్లాడతాను. నేను నేర్పలేను, కళ్ళు మూసుకుంటాను."

కొత్త ఇంజిన్ గట్టిగా మోగింది. పాములా మెలికలు తిరుగుతూ చివరిదాకా వెళ్ళి వచ్చాం. తాత పీపా చాటున నక్కాడు. ఆయన మాట మీద నిలబడ్డారు. కళ్ళు మూసుకునే ఉన్నారు.

ఇంటికొచ్చాక అత్తయ్య, పాత ఇంజిన్ పెట్టె మీద ఆకుకూర ఒలుస్తూ, "ఇవాళ ఎవర్రా తిప్పింది?" అన్నారు. ఆయన నన్ను చూపించారు. "అలాగా" అన్నారావిడ. "మరి నేనెప్పుడు ఎక్కాలి?"

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నేను అడగలేదు. సీట్లో కూర్చోవడం, తలూపడం అడగడం కాదు.

అందుకని కొత్త తీర్మానం: రేపు పొద్దున్న, నేల మీద, ఏ చప్పుడూ లేనప్పుడు, చలికాలంలో మేఘాల మీద అన్న ఆ మాట ఆయన ముఖం చూసి చెప్తాను. మూడే మాటలు. మిక్సీ జోలికి పోను.

కాఫీ పొడి అయిపోయి ఉంటే మాత్రం ఆ నియమం ఎల్లుండి నుంచి.