మాస్టారు దిద్దని వాక్యం

అక్కా,

ఇది పంపడానికి నీ అడ్రసు కూడా మా దగ్గర లేదు. తొలకరి నుంచీ నీ ఫోను స్విచ్చాఫే. గల్ఫ్‌లో నువ్వు పనిచేసే ఇంటి మేడమ్ నీ ఫోను తీసి చదివేది కాబట్టి, నీ మెసేజులన్నీ ఇంగ్లీషులోనే వచ్చేవి: “ఐ యామ్ ఫైన్.”

నీ ఆచూకీ కోసం ఎంబసీకి ఇంగ్లీషులోనే రాయాలన్నారని అమలాపురంలో క్లాసులో చేరాను. ఇవాళ మాస్టారు బోర్డు మీద నీ వాక్యమే రాశారు. అందరూ నోట్సులోకి దించుకున్నారు. నా చెయ్యి కదల్లేదు.

“రాయరేంటండీ? తేలికేనండీ ఇది,” అన్నారు మాస్టారు.

ఇన్నాళ్లూ నేర్చుకున్న మాటలన్నీ కూడగట్టుకుని, “వేర్ ఈజ్ మై సిస్టర్?” అని రాశాను.

మాస్టారు చూసి, ఎర్ర పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. “తప్పేం లేదండీ,” అన్నారు.

రేపు ఎంబసీకి అదే పంపుతాను. ఇంటికి రాగానే అమ్మ, “అక్క ఏవైనా పెట్టిందేంటే?” అంది.

నీ పాత మెసేజే మళ్లీ చదివి వినిపించాను.