నైరుతి గోడ గురించి మనవి

పూజ్యులైన వాసుదేవరావు అంకుల్‌గారి సముఖానికి, మీ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న సివిల్ ఇంజనీరు మెట్లెక్కి చెప్పే ధైర్యం లేక రాసుకుంటున్న విన్నపం.

మన కమ్యూనిటీకి, వెనక అపార్ట్‌మెంట్లకి మధ్య గోడ డిజైన్ చేయమన్నారు. "నైరుతి ఎత్తుంటే ఇంటికి బలం రా. వాళ్లు మన వీధిలోంచి నడవడం కూడా ఆగుతుంది" అన్నారు. వాస్తు పురుషుడికి అపార్ట్‌మెంట్లవాళ్లంటే ఇంత కోపమని మాకు కాలేజీలో చెప్పలేదు.

మచ్చుకి చూద్దామని శనివారం డెట్రాయిట్‌లో ఒక గోడ దగ్గరికి వెళ్లాను. నల్లజాతివాళ్ల ఇళ్లను తెల్లవాళ్ల ఇళ్ల నుంచి వేరు చేయడానికి ఎనభై ఏళ్ల కిందట కట్టారట. ఇప్పుడు దాని నిండా బొమ్మలే. బుడగలూదే పిల్లల బొమ్మ పక్కన సెల్ఫీ తీసుకుంటుంటే ఎదురింటి నల్లజాతి ముసలావిడ నవ్వింది.

"రంగులు బాగున్నాయి కదూ! నేను మాత్రం ఇప్పటికీ దానికి వీపు ఆనించి కూర్చోను" అంది. తర్వాత మెల్లగా అడిగింది: "అప్పుడు నువ్వుంటే నిన్ను ఎటువైపు ఉండనిచ్చేవాళ్లంటావ్, బాబూ?"

నా జోకులన్నీ అయిపోయాయంకుల్.

ఇంటికొచ్చి మన గోడ గీయబోయాను. గీత అవతల ఎవరో నిలబడి, నేను పూర్తి చేసేదాకా ఓపిగ్గా చూస్తున్నట్టనిపించింది. లైటు వేద్దామని లేచాను. అది వెలుగుతూనే ఉంది.

డ్రాయింగ్ నేను గీయను. బేస్‌మెంట్ ఖాళీ చేయమంటే చేస్తాను. నా జీతానికి దొరికేది ఆ వెనక అపార్ట్‌మెంటే.

ఇట్లు,
ప్రస్తుతానికి ఇటువైపే ఉన్న మీ విధేయుడు