ఇసుకలో రాయాల్సిన జవాబు

అక్కా, నువ్వు పోయి ఏడాదైంది. కంపెనీ దొరల పత్తికి ఇంకా గింజ తీసే రాట్నాలు తిప్పుతూనే ఉన్నాం. పొడుపుకథ విప్పితే జవాబు నోటితో చెప్పకూడదు, ఇసుకలో రాయాలి అనేదానివి. బడి చూడని నాకు అక్షరాలు వచ్చింది అలాగే. ఇప్పుడు నీ కూతురికి నేర్పుతున్నాను.

ఇవాళ పనిలోనే, రాట్నం పక్కన ఇసుక పరిచి అడిగాను. "గాలికి పరుగు, నీళ్ళకు బరువు. ఏంది పాపా?"

అది 'దూ' రాసిందో లేదో, మా పని చూసే మేస్త్రి వచ్చి కాలితో చెరిపేశాడు.

"ఆడబిడ్డకు రాత ఏటికిరా? సుమ్మా నోరు మూసుకుని పని చూడు!"

రాసిన తాటాకు కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనిషే, ఆడపిల్ల రాసిందని అక్షరాన్ని తొక్కాడు!

"కాలు తియ్ మామా!" అని అరిచాను.

"రేపటినుంచి రావద్దు, పో!"

నేను లేచాను. అందరూ రాట్నాలు ఆపేశారు. పక్కనున్న పెద్దమ్మ పాపతో, "నువ్వు రాయి కన్నా, నిన్ను మేం కాచుకుంటాం" అంది.

వాడి కళ్ళముందే నీ కూతురు తీరిగ్గా 'దూది' అని రాసింది.