మత్తు సూది

శుక్రవారం, రాత్రి

చెల్లి మేరీకి పొద్దున సర్కారు ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల.

పక్క మంచంలో ఉన్న, ఊళ్లో భూములున్న ఆసామి కోడలికి నర్సు మత్తు సూది ఇచ్చాకే కుట్లు వేసింది. మేరీ కేసు షీటులో కులం చూసి, మత్తు లేకుండానే కుట్లు మొదలుపెట్టింది. మేరీ కేక పెట్టింది.

“మత్తు ఇయ్యమ్మా,” అన్నాను.

“కూలికి పోయేటోళ్లు, మీ మాలపల్లెవాళ్లకు ఓర్పు జాస్తి గదా! ఈమాత్రానికేంది అరుపులు?”

నర్సు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మత్తు సూది ఇస్తాననేదాకా వదల్లేదు. అప్పటికే మూడు కుట్లు పడిపోయాయి.

సాయంత్రం మేరీ నన్నే తప్పుపట్టింది. “గొడవ ఎందుకు పెట్టుకుంటివక్కా? పాపకు బాగలేకుంటే మళ్లా ఈమె దగ్గరికే రావాల గదా!”

నర్సు మీదకన్నా దాని మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఇప్పుడు పాప ఏడుపు అందుకుంది. నర్సుకు వినబడుతుందని మేరీ దాని నోరు మూయబోయింది.

“ఏడవనీ,” అన్నాను. “వార్డంతా వినబడేట్టు ఏడవనీ.”