మేనేజర్ మాట ఎక్కడిది

ఇస్నాపూర్, మంగళవారం

ప్రియమైన సుధీరన్నా,

మనతో ట్యాంకులు కడిగే పోచయ్య దవడ విరగ్గొట్టింది మేనేజర్ శివరామకృష్ణ. మాస్కు లేకుండా రసాయనాల ట్యాంకులోకి దిగనన్నందుకు ఇనుప పైపుతో కొట్టాడు. పక్కనే ఉన్న నీ చొక్కా మీద కూడా నెత్తురు చిందింది. కంపెనీ మాత్రం "జారి పడ్డాడు" అని రాసుకుంది. పోచయ్య నోరు తెరవలేడు. చూసినవాళ్ళు చెప్పకపోతే కేసే లేదు.

యూనియన్ కరపత్రంలో చదివాను: మేనేజ్ అన్న మాట ఇంగ్లిషుకు ఇటలీ భాష నుంచి వచ్చిందట. అక్కడ అర్థం గుర్రాన్ని లొంగదీయడం! అంటే మనం వాడి గుర్రాలమా? నువ్వు పోలీసులకు చెప్పు. లేదంటే శుక్రవారం రాడ్డుతో వాడి పని నేనే పడతాను.

ఒకే గదిలో ఉన్నా మన షిఫ్టులు కలవవు, ఫోన్లేమో సూపర్‌వైజర్ తెరిచి చూస్తున్నాడు. అందుకే దిండు కింద ఈ ఉత్తరం. చదివి చింపెయ్.

నీ తమ్ముడు
చంద్రకాంత్

బుధవారం

ప్రియమైన చంద్రం,

ఇటలీ దగ్గరే ఆగిపోయావేంరా? నేనూ డిక్షనరీ తిప్పాను. దాని వెనక లాటిన్ ఉంది. అక్కడ మానుస్ అంటే చెయ్యి. ట్యాంకులోకి దిగే పర్మిట్ మీద రాస్తారే, మాన్యువల్ క్లీనింగ్, చేత్తో కడగడం, అదీ ఆ చెయ్యే. ఒకే తల్లికి పుట్టిన రెండు మాటలు: ఒకటి ఏసీలో కూర్చుంది, ఒకటి విషంలోకి దిగింది. చాలా? ఇప్పుడీ లాటిన్ పూస్తే పోచయ్య దవడ అతుకుతుందా?

వచ్చే నెల నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. అమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కుకుంది. నేను సాక్ష్యం చెప్పను. నువ్వూ వాణ్ణి ముట్టుకోకు. చంపేస్తారు.

నీ మేలు కోరే
సుధీర్

శనివారం

ప్రియమైన అన్నా,

చెప్పనని రాసిపెట్టి ఒక్కడివే పోలీస్ స్టేషనుకు వెళ్ళి చెప్పావా! తిరిగొస్తుంటే వాడి మనుషులు నిన్ను ఆటోలోంచి ఈడ్చి చెయ్యి విరిచారని వినగానే నాకు కళ్ళు కనబడలేదు. రాడ్డుతో గేటుకు ఉరికాను. మొదటి దెబ్బకు వాడి కారు అద్దం పగిలింది. రెండోది, కారు దిగిన వాడి నెత్తికే ఎత్తాను. పోచయ్య భార్య నర్సింహమ్మ అడ్డంపడి రాడ్డు పట్టుకుంది.

"ఏందిరా, నువ్వు గూడ మేనేజర్‌వైతివా?" అంది. "నువ్వు గీని తల పగలగొడ్తె సుధీర్ జెప్పిన మాట ఎవడింటడు? నా మొగని కేసు గిక్కడ్నే సస్తది!"

తర్వాత షిఫ్టువాళ్ళ వైపు తిరిగింది. "గాయన ఒక్కడే జూసిండా? మీ కండ్లు యాడ వోయినయ్?"

వాళ్ళలోంచి కొమురయ్య తల దించుకునే అన్నాడు: "నేను జూసిన." వెనక నుంచి ఇంకొకరు. ఇంకొకరు.

నర్సింహమ్మ చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆసుపత్రికి నిన్ను చూడ్డానికి వచ్చే ప్రతివాడికీ చదివి వినిపించు: సోమవారం ఉదయం ఆరింటికి, బొల్లారంలో కంపెనీ బస్సు ఆగే చోటికి రావాలి. అక్కడి నుంచి అందరం కలిసి స్టేషనుకు నడుస్తాం. ఉత్త చేతులతో రండి.

నీ చంద్రకాంత్