కారవాన్‌లో ఇద్దరికి బల్ల

షార్జా,
2023 నవంబరు, శుక్రవారం.

అక్కా, సలాం.

ఇవాళ పొద్దున మొదటి వింత ఏమిటంటే, బల్లమీద పెట్టిన టీ గ్లాసు తనంతట తానే జారి నా ఒళ్లోకి వచ్చింది. కాలలేదులే, కంగారుపడకు. నేను బాగున్నాను. అమ్మ, జేజి, నీ చిన్నది కులాసాగా ఉన్నారనుకుంటాను. జేజి మోకాలి నొప్పి ఎలా ఉంది?

బల్ల ఎక్కడిదంటావేమో, నేనే చేశాను. పోయినసారి నాయన ట్రైలర్ లారీ దిగి వచ్చిన రాత్రి, ఎప్పటిలాగే ఒకరి పక్కన ఒకరం మంచం అంచున కూర్చుని, పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం. తినడం అయ్యాక నాయన అన్నాడు: "ఇది ఇల్లు కాదురా. ఎదురెదురుగా కూచోని కూడు తినే జాగా గూడా లేదు. దుబాయిలో, కరామాలో బెడ్‌స్పేస్ చూసినా, పదిమంది గదిలో ఒక మంచం అద్దెకు. ఆడ మనుషులుంటారు, నువ్వు ఆడికి పో."

మనుషులుంటారు, నిజమే. కానీ నాయన నిద్రపోయేది ఈ లారీల యార్డులో, ఈ రేకుల గది కారవాన్‌లోనే. నేను కరామాకు వెళ్లిపోతే పదిహేను రోజులకు ఒక్క రాత్రి కూడా ఆయన దొరకడు. అందుకే మరుసటి రోజే చెక్క వెతికాను.

పక్క షెడ్డులో వడ్రంగం చేసే ఖాన్ చాచా, సరుకు కింద వేసే పాత చెక్క ప్యాలెట్లు ఇచ్చాడు. చిత్రిక పట్టడం అని పాఠంలో చదివినప్పుడు ఎంత అందమైన మాట అనుకున్నాను. దానికి ఇంత చెమట పడుతుందని పాఠంలో లేదు. చుట్టలు చుట్టుకుని రాలే ఆ చెక్కపొట్టును మనవైపు ఏమంటారో జేజిని అడిగి చెప్పు.

మన కారవాన్ తలుపువైపు కొంచెం ఒరిగి ఉండేది. దానికి సరిపోయేలా కిటికీవైపు కాళ్లు పొట్టిగా కోశాను. ఒకసారి ఎక్కువ తెగింది. సరిచేద్దామని అటువైపు కోశాను, మళ్లీ ఇటు. నడుమంత ఎత్తు బల్ల మోకాలిదాకా దిగింది. చాచా చూసి, "ఏం ముదీర్, మేజ్ బనాయా కి ఊంట్?" అన్నాడు. ఏం మేనేజరూ, బల్ల చేశావా, ఒంటెను చేశావా అని. అయినా చివరికి అది సమంగా నిలబడింది అక్కా. దానిమీద నీళ్ల గ్లాసు పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

నిన్న నేను కాలేజీలో ఉండగా అసలు ముదీర్, యార్డు మేనేజరు, ఫోర్క్‌లిఫ్ట్‌తో మన కారవాన్‌ను ఆ గోడ దగ్గర నుంచి ఈ గోడ దగ్గరికి లాగించాడు. రాత్రి అలిసిపోయి వచ్చి పడుకున్నాను, వాలు మారిందని గమనించలేదు. ఇక్కడ నేల కిటికీవైపు పల్లం. పొట్టి కాళ్లూ అటే ఉన్నాయి. మంచం కోడు పట్టేలా బల్ల ఒక మూల కోసేశాను, తిప్పి వేద్దామన్నా కుదరదు. కోయడానికి ఇంకేమీ మిగల్లేదు, ఇంకా కోస్తే పీట అవుతుంది. కింద చెక్కముక్కలు పెడితే మోచెయ్యి ఆనించగానే జారిపోతున్నాయి. మేకులు కొడదామంటే శుక్రవారం చాచా షెడ్డుకు తాళం.

సెలవురోజు ఈ యార్డులో ఏ చప్పుడూ ఉండదు. నాయన ఇవాళ సాయంత్రం వస్తానన్నాడు, కానీ బార్డర్ దగ్గర లోడు ఆగిపోయిందట, ఇక రాత్రి గడిచాకే. మధ్యాహ్నం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు, అందుకే నీకు ఇంత రాస్తున్నాను. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ నాలుగు మాటలు దాటెయ్యి. అన్నం వేళకు తింటున్నాను, చలి లేదు, చదువు బాగా సాగుతోంది అని చెప్పు. ఊరికి వస్తున్న సలీం మామ చేతికి ఇది ఇస్తాను, తిరిగి వచ్చేటప్పుడు ఆయనతో కాస్త చింతకాయ తొక్కు పంపు. జేజిని, అమ్మను నాకోసం దువా చేయమను. బావకు సలాం, చిన్నదానికి ముద్దులు.

రేపు తెల్లవారేసరికి నాయన వస్తాడు. వేడివేడిగా అన్నం, పప్పు చేసి పెడతాను. ఆయన్ను తలుపువైపు, ఎత్తులో కూర్చోబెట్టి, నేను ఎదురుగా కిటికీవైపు కూర్చుంటాను. పప్పు పొర్లితే నా మీదికే పొర్లుతుంది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, కరామా మాట ఎత్తకముందే, నేను ఇక్కడే ఉంటాను నాయనా అని చెప్పేస్తాను.

నీ తమ్ముడు,
ఇమ్రాన్